వేడిగాలికి విరుగుడు

ఉద్దేశం

యంత్రం మొరాయించినప్పుడు కనిపించే లక్షణం వేరు, దానికి మూలమైన కారణం వేరు. లక్షణాన్ని అణచివేసే మరమ్మతు తాత్కాలికం. కారణాన్ని తొలగించే మరమ్మతే నిలకడైనది. కారులోని ఏసీ చల్లగాలికి బదులు వేడిగాలి వీచడమనే సమస్యను ఆధారంగా చేసుకొని శీతలీకరణ సూత్రాన్ని, దోషాన్ని కనిపెట్టే క్రమాన్ని, ఆ పనిలో ఇమిడి ఉన్న సామాజిక బాధ్యతను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

నేపథ్యం

వేసవి తాపం నుంచి ఉపశమనం పొందాలన్న మానవుని ఆకాంక్ష ప్రాచీనమైనది. మట్టికుండలోని నీరు, తడిపిన వట్టివేళ్ళ తడికెలు, తాటాకు పందిళ్ళు తెలుగునాట తరతరాలుగా ఈ అవసరాన్ని తీర్చాయి. యంత్రసహాయంతో గాలిని అదుపుచేసే విధానాన్ని 1902లో అమెరికా ఇంజనీరు విల్లిస్ కారియర్ రూపొందించాడు. బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయంలో గాలిలోని తేమను నియంత్రించడం ఆయన తొలి లక్ష్యం. 1939లో అమెరికాకు చెందిన ప్యాకార్డ్ కంపెనీ శీతలీకరణ యంత్రాన్ని అమర్చిన కారును ప్రదర్శించింది. ఆ యంత్రం కారు వెనుకనున్న సామాన్ల అరలో చాలా భాగాన్ని ఆక్రమించేది. దానిని నిలిపివేయాలంటే ఇంజనును ఆపి, బెల్టును ఊడదీయవలసి వచ్చేది. కాలక్రమంలో ఆ యంత్రం చిన్నదై బానెట్ కింద ఒదిగింది. ఒక మీట నొక్కితే పనిచేసే స్థాయికి చేరింది. వాడకం సులభమైన కొద్దీ అది పనిచేసే తీరు వాడేవారికి తెలియకుండా పోయింది. ఆ తెలియమి వల్ల కలిగే నష్టం ఎంతటిదో ఈ పాఠ్యభాగం వివరిస్తుంది.

పాఠ్యభాగం

అది మే నెల. కృష్ణాతీరంలో ఉదయం పది గంటలకే ఎండ నిప్పులు చెరుగుతున్నది. నూజివీడు నుంచి విజయవాడకు ఒక అద్దెకారు బయలుదేరింది. వెనుక సీటులో తల్లీకొడుకులు కూర్చున్నారు. తల్లి వయోవృద్ధురాలు. మూత్రపిండాలు దెబ్బతినడం వల్ల ఆమె వారానికి రెండుసార్లు విజయవాడకు వెళ్ళి డయాలసిస్ చేయించుకోవలసి ఉన్నది. అటువంటి రోగులు రోజుకు ఎంత నీరు తాగాలో వైద్యులు కొలిచి చెబుతారు. ఎండకు గొంతు ఎంత ఎండినా దప్పిక తీరేంత నీరు తాగే స్వేచ్ఛ ఆమెకు లేదు. అందువల్ల ఆ కారులోని చల్లగాలి ఆమెకు విలాసం కాదు, చికిత్సలో ఒక భాగం.

ఆ రోజు ఏసీ వేడిగాలి వీచింది. అది మొదటిసారి కాదు. నెలరోజుల్లో మూడుసార్లు ఆ డ్రైవరు రహదారి పక్కనున్న ఒక దుకాణంలో కారు ఆపాడు. మూడుసార్లూ “గ్యాస్ అయిపోయింది” అన్న మాటే విన్నాడు. మూడుసార్లూ డబ్బు చెల్లించి గ్యాస్ కొట్టించాడు. ప్రతిసారీ వారం పదిరోజులు చల్లగాలి వచ్చేది. తరువాత మళ్ళీ పాతకథే. కారు మీద ఉన్న అప్పుకు నెలనెలా వాయిదా కట్టవలసిన మనిషి అతడు. తల్లీకొడుకులు వేరే కారు చూసుకుంటే ఆ వాయిదా ఎలా తీరుతుందన్నది అతని దిగులు.

ఆమెను ఆసుపత్రిలో దించి, అతడు విజయవాడ ఆటోనగర్‌లో ఉన్న ఒక ముసలి మెకానిక్ దగ్గరకు వెళ్ళాడు.

“మేస్త్రిగారూ, గ్యాస్ అయిపోయినట్లుంది. కాస్త త్వరగా కొట్టి పంపండి. సాయంత్రం పెద్దావిడను ఇంటికి చేర్చాలి” అన్నాడు.

మేస్త్రి చేతిలోని గుడ్డను పక్కన పెట్టాడు. “అయిపోవడమేమిటి బాబూ? అది పెట్రోలు కాదు, ఖర్చు కావడానికి. లోపల ఎంత పోశారో అంతే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో బయటికి పోతున్నట్లే. ఆ దారి మూయకుండా ఎన్నిసార్లు కొట్టినా చిల్లికుండలో నీళ్ళు పోసినట్లే” అన్నాడు.

డ్రైవరు కొంతసేపు మాట్లాడలేదు. మూడుసార్లు చెల్లించిన సొమ్ము అతని కళ్ళముందు మెదిలింది.

మేస్త్రి చెప్పిన ఆ నాలుగు మాటలలో శీతలీకరణ శాస్త్రసారమంతా ఉన్నది. దానిని అర్థం చేసుకోవడానికి ముందుగా కుండనీటిని గుర్తుచేసుకోవాలి.

చల్లదనం ఎలా పుడుతుంది?

కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు పైకి ఊరి ఆవిరి అవుతుంది. ద్రవం ఆవిరిగా మారడానికి వేడి అవసరం. ఆ వేడిని అది కుండలో మిగిలిన నీటినుంచే తీసుకుంటుంది. అందువల్ల కుండనీరు చల్లబడుతుంది. సూది వేసేముందు చేతికి స్పిరిట్ రాసినప్పుడు చల్లగా తోచడానికీ ఇదే కారణం. ఉష్ణోగ్రతలో మార్పు లేకుండానే ద్రవం ఆవిరి కావడానికి వినియోగమయ్యే ఈ వేడిని గుప్తోష్ణం అంటారు.

కుండలోని ఆవిరి గాలిలో కలిసిపోతుంది కనుక కుండను మళ్ళీ నింపుకోవాలి. కారు ఏసీలో ఆవిరి బయటికి పోదు. దానిని పట్టి, తిరిగి ద్రవంగా మార్చి, మళ్ళీ ఆవిరి చేయిస్తారు. ఈ పనికి ఉపయోగపడే పదార్థాన్ని శీతలకం అంటారు. వాడుకలో దానినే గ్యాస్ అంటున్నారు. మనదేశంలోని కార్లలో విస్తృతంగా వాడుకలో ఉన్న శీతలకం ఆర్-134ఎ. సాధారణ వాతావరణ పీడనం వద్ద అది సున్నాకు దిగువన 26 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగి ఆవిరి అవుతుంది.

ఈ చక్రంలో నాలుగు ప్రధాన భాగాలు ఉన్నాయి. మొదటిది కంప్రెసర్. ఇంజను తిప్పే బెల్టు సాయంతో ఇది శీతలకపు ఆవిరిని అణచి, పీడనాన్నీ వేడినీ పెంచుతుంది. రెండవది కండెన్సర్. కారు ముందుభాగంలో, రేడియేటర్‌కు ముందు ఉండే ఈ జాలివంటి భాగంలో వేడి ఆవిరి తన వేడిని బయటి గాలికి వదిలి ద్రవమవుతుంది. ఆ ద్రవం డ్రయర్ అనే చిన్న పాత్ర గుండా సాగుతుంది. అందులోని పదార్థం తేమను పీల్చుకుంటుంది. మూడవది ఎక్స్‌పాన్షన్ వాల్వ్. దీని సన్నని ద్వారం దాటగానే పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. నాలుగవది డ్యాష్‌బోర్డు వెనుక ఉండే ఎవాపరేటర్. మెకానిక్కులు దీనిని కూలింగ్ కాయిల్ అంటారు. పీడనం తగ్గిన ద్రవం ఇక్కడ ఆవిరి అవుతూ, బ్లోయర్ తోలే గాలిలోని వేడిని గ్రహిస్తుంది. చల్లబడిన గాలి ప్రయాణికులను చేరుతుంది. ఆవిరి తిరిగి కంప్రెసర్‌కు చేరుతుంది.

అంటే ఏసీ చల్లదనాన్ని తయారుచేయడం లేదు. కారు లోపలి వేడిని మోసుకొనిపోయి బయట పారబోస్తున్నది. ఈ సంగతి తెలిసినవారికి దోషాన్ని వెదకడం సులభం. వేడిని గ్రహించే చోట, మోసే చోట, పారబోసే చోట – ఈ మూడింటిలో ఎక్కడ ఆటంకం కలిగిందో కనిపెట్టడమే మరమ్మతుకు తొలిమెట్టు.

లక్షణాలే సాక్షులు

మేస్త్రి బానెట్ ఎత్తడానికి ముందు డ్రైవరును నాలుగు ప్రశ్నలు అడిగాడు. “గాలి బలంగా వస్తున్నదా? కారు ఆగినప్పుడే వేడెక్కుతున్నదా, పరుగులోనూ అంతేనా? మొదట చల్లగా వచ్చి గంట తరువాత ఆగుతున్నదా? చల్లదనం ఒక్కసారిగా పోయిందా, రోజురోజుకూ తగ్గిందా?” మంచి వైద్యుడు మందు రాసేముందు రోగిని ప్రశ్నించినట్లే ఇది. ప్రతి ప్రశ్న వెనుక ఒక కారణం ఉన్నది.

గాలి వేగమే మందగిస్తే దోషం గ్యాస్‌లో ఉండకపోవచ్చు. లోపలి గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకొనిపోయి ఉండవచ్చు. చాలా కార్లలో ఈ ఫిల్టర్ డ్యాష్‌బోర్డులోని సామాన్ల అర వెనుక ఉంటుంది. దానిని తీసి చూడటం యజమాని స్వయంగా చేసుకోగల పని. ఫిల్టర్ శుభ్రంగానే ఉంటే బ్లోయర్‌ను పరీక్షించాలి.

పరుగులో చల్లగా ఉండి, కూడలిలో ఎర్రదీపం దగ్గర ఆగగానే వేడెక్కితే కండెన్సర్‌ను అనుమానించాలి. కారు నడిచేటప్పుడు ఎదురుగాలి కండెన్సర్‌ను చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాను చేయాలి. ఫ్యాను తిరగకపోయినా, కండెన్సర్ జాలి బురదతో, పురుగులతో పూడుకొనిపోయినా వేడిని పారబోసే దారి మూసుకొనిపోతుంది. అటువంటి జాలిని తక్కువ ఒత్తిడి గల నీటిధారతో కడగాలి. బలమైన ధార పడితే సన్నని రేకులు వంగిపోతాయి.

బయలుదేరినప్పుడు చల్లగా ఉండి, చాలాసేపటి తరువాత గాలి సన్నగిల్లితే కూలింగ్ కాయిల్ మీద మంచు పేరుకొని ఉండవచ్చు. ఏసీని కొన్ని నిమిషాలు ఆపగానే మంచు కరిగి, మళ్ళీ చల్లగాలి వస్తుంది. కాయిల్ వేడిని కొలిచి కంప్రెసర్‌ను సకాలంలో ఆపవలసిన సెన్సార్ చెడితే ఈ స్థితి ఏర్పడుతుంది.

గాలి బలంగా వస్తూ అసలే చల్లగా లేకపోతే కంప్రెసర్ వైపు చూడాలి. చాలా కార్లలో ఏసీ మీట నొక్కగానే కంప్రెసర్ ముందున్న మాగ్నెటిక్ క్లచ్ ‘టక్’మని అతుక్కుంటుంది, దాని ముందుపళ్ళెం బెల్టుతోపాటు తిరుగుతుంది. అది తిరగకపోతే ఫ్యూజు, రిలే, విద్యుత్తు తీగ, క్లచ్ – వీటిని వరుసగా పరీక్షించాలి. కంప్రెసర్ సక్రమంగా తిరుగుతున్నా వేడిగాలే వస్తే, ఇంజను వేడిని గాలిలో కలిపే లోపలి తలుపు మూసుకోవడం లేదేమో చూడాలి.

చల్లదనం రోజురోజుకూ క్షీణిస్తూ వస్తే మాత్రం గ్యాస్ కారిపోతున్నట్లు భావించవచ్చు. గ్యాస్ బాగా తగ్గినప్పుడు పీడనాన్ని కనిపెట్టే స్విచ్ కంప్రెసర్‌ను ఆపివేస్తుంది. ఇది లోపం కాదు, రక్షణ. కంప్రెసర్‌కు కావలసిన నూనె గ్యాస్‌తోపాటే ప్రవహిస్తుంది. గ్యాస్ లేనప్పుడు కంప్రెసర్ తిరిగితే నూనె అందక అది అరిగిపోతుంది. కొందరు ఆ స్విచ్ తీగలను కలిపి కంప్రెసర్‌ను బలవంతంగా తిప్పుతారు. చిన్న ఖర్చుతో తీరవలసిన పని అప్పుడు కంప్రెసర్ మార్చే దాకా పోతుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. ఏసీ నడిచిన కారు కింద నీటిచుక్కలు పడితే గ్యాస్ కారుతున్నదని కొందరు కంగారు పడతారు. చల్లని కాయిల్‌ను తాకిన గాలిలోని తేమ నీరుగా మారి, గొట్టం గుండా నేలమీద పడుతుంది. అది యంత్రం పనిచేస్తున్నదనడానికి గుర్తు. శీతలకం ఎన్నడూ నీటిచుక్కల రూపంలో నేలమీద కనిపించదు.

దోషం దొరికిన వేళ

డ్రైవరు సమాధానాలు విన్న తరువాత మేస్త్రి గేజీలను అమర్చాడు. ఇంజను ఆపి, నీడలో చల్లబడిన కారులో రెండు గేజీలూ ఒకే పీడనాన్ని చూపాలి. గ్యారేజీలో 35 డిగ్రీల వేడి ఉన్నప్పుడు, లోపల కొంతైనా ద్రవరూపంలో ఆర్-134ఎ మిగిలి ఉంటే ఆ పీడనం సుమారు 115 పీఎస్‌ఐ ఉంటుంది. ఆ రోజు ముళ్ళు 50 దగ్గరే నిలిచాయి. లోపల ద్రవం మిగలలేదని, గ్యాస్ చాలావరకు తప్పించుకొని పోయిందని దానితో రుజువయింది. పీడనం సరిగా ఉన్నంత మాత్రాన గ్యాస్ నిండుగా ఉన్నట్లు కాదన్నది కూడా గుర్తుంచుకోదగినది. ద్రవం కొద్దిగా ఉన్నా, ఎక్కువగా ఉన్నా ఆగి ఉన్న కారులో గేజీ ఒకే అంకెను చూపుతుంది. అందుకే గ్యాస్‌ను పీడనం చూసి కాక, తూకం వేసి నింపాలి.

తరువాత మేస్త్రి టార్చిలైటు పట్టుకొని గొట్టాల అతుకులను ఒక్కొక్కటిగా పరిశీలించాడు. కండెన్సర్ దిగువ అతుకు దగ్గర నూనెతో తడిసిన మట్టి నల్లగా పేరుకొని ఉన్నది. గ్యాస్ బయటికి పోతూ కొంత నూనెను వెంట తీసుకొనిపోతుంది. ఆ నూనెకు దుమ్ము అంటుకుంటుంది. కంటికి కనబడని గ్యాస్ వదిలివెళ్ళిన అడుగుజాడ అది. లోపల మిగిలిన గ్యాస్‌ను ఆయన యంత్రంతో ఒక సిలిండరులోకి తీసి భద్రపరిచాడు. నైట్రోజన్ వాయువును ఒత్తిడితో నింపి, ఆ అతుకు మీద సబ్బునురుగు రాశాడు. క్షణంలో చిన్నచిన్న బుడగలు పుట్టుకొచ్చాయి.

“చూశావా బాబూ, ఇదీ నీ గ్యాస్ పోయే దారి” అన్నాడు మేస్త్రి.

అతుకు విప్పి చూస్తే లోపలి రబ్బరు ఓరింగ్ ఎండి, పగిలి ఉన్నది. దాని ఖరీదు కొద్ది రూపాయలు. మూడుసార్లు కొట్టించిన గ్యాస్ ఖరీదుతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

ఓరింగ్ మార్చడంతో పని పూర్తికాలేదు. కొత్త ఓరింగ్‌కు కంప్రెసర్ నూనె పూసి బిగించాడు. డ్రయర్‌ను మార్చాడు. అనంతరం వ్యాక్యూమ్ పంపుతో లోపలి గాలినంతా ముప్పావుగంటసేపు తోడించాడు. దీనికి ఒక శాస్త్రీయ కారణం ఉన్నది. పీడనం తగ్గిన కొద్దీ నీరు తక్కువ వేడి దగ్గరే మరుగుతుంది. లోపల దాదాపు శూన్యం ఏర్పడినప్పుడు, గొట్టాలలో దాగిన తేమ మామూలు ఎండవేడికే ఆవిరై బయటికి వస్తుంది. ఆ తేమ లోపలే ఉండిపోతే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర గడ్డకట్టి దారిని మూసివేస్తుంది, లోహభాగాలను తినివేస్తుంది. పంపు ఆపిన తరువాత గేజీ ముల్లు కదలకుండా ఉన్నదో లేదో కొంతసేపు గమనించాడు. ముల్లు కదలలేదు. అప్పుడు బానెట్ కింద అంటించిన చీటీ చదివి, అందులో సూచించిన 400 గ్రాముల గ్యాస్‌ను తూకం వేసి నింపాడు.

“ఇంకొంచెం ఎక్కువ వేస్తే ఇంకా చల్లగా వస్తుందేమో మేస్త్రిగారూ” అన్నాడు డ్రైవరు.

“కూరలో ఉప్పు లాంటిదయ్యా ఇది. తక్కువైనా చెడే, ఎక్కువైనా చెడే” అని నవ్వాడు మేస్త్రి.

ఆ మాట అక్షరసత్యం. గ్యాస్ అధికమైతే కండెన్సర్‌లో ద్రవం నిండిపోయి, వేడిని వదలడానికి చోటు చాలదు. పీడనం పెరిగి కంప్రెసర్ మీద భారం పడుతుంది. చివరకు మళ్ళీ వేడిగాలే వస్తుంది.

నాలుగు వందల గ్రాముల బాధ్యత

చిల్లి మూయకుండా గ్యాస్ కొట్టించడం వల్ల నష్టపోయేది కారు యజమాని ఒక్కడే కాదు. ఆ గ్యాస్ వాతావరణంలో కలుస్తుంది. ఒకప్పుడు కార్ల ఏసీలలో ఆర్-12 అనే శీతలకం ఉండేది. అటువంటి పదార్థాలు భూమిని కాపాడే ఓజోన్ పొరను నాశనం చేయగలవని 1974లో మారియో మోలినా, షేర్వుడ్ రోలాండ్ అనే శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. అంటార్కిటికా మీద ఓజోన్ పొర ఏటా పలచబడుతున్నదని 1985లో బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. భారతదేశం 1992లో అందులో చేరింది. మోలినా, రోలాండ్‌లకు పాల్ క్రుట్జెన్‌తో కలిపి 1995లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఆర్-12 స్థానంలో వచ్చిన ఆర్-134ఎ ఓజోన్ పొరకు హాని చేయదు. కాని భూమిని వేడెక్కించే శక్తి దానికి మిక్కుటం. నూరేళ్ళ కాలాన్ని ప్రమాణంగా తీసుకుంటే ఒక కిలో ఆర్-134ఎ సుమారు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడుతో సమానమని వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం 2007 నివేదిక లెక్కకట్టింది. ఈ లెక్కన 400 గ్రాముల గ్యాస్ గాలిలో కలిస్తే 572 కిలోల కార్బన్ డయాక్సైడును వదిలినట్లే. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. అంటే ఒక్కసారి కారిపోయిన గ్యాస్ దాదాపు 250 లీటర్ల పెట్రోలును తగలబెట్టినదానితో సమానం. లీటరుకు 15 కిలోమీటర్లు నడిచే కారు ఆ పెట్రోలుతో 3,700 కిలోమీటర్లకు పైగా పోగలదు; అది శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా చేసే ప్రయాణమంత దూరం. ఎండవేడిని తట్టుకోవడానికి వాడే గ్యాసే నిర్లక్ష్యం వల్ల ఎండవేడిని పెంచుతున్నదన్నమాట.

ఇటువంటి శీతలకాల వాడకాన్ని దశలవారీగా తగ్గించాలని 2016లో రువాండా రాజధాని కిగాలిలో ప్రపంచదేశాలు అంగీకరించాయి. 2021లో భారతదేశం ఆ సవరణను ఆమోదించింది. ఒప్పందాలు ప్రభుత్వాలు చేసుకుంటాయి. వాటిని అమలుచేసే చేతులు గ్యారేజీలలో ఉంటాయి. మిగిలిన గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా సిలిండరులోకి తీసిన మేస్త్రి ఆ పనే చేశాడు.

జాగ్రత్తలు

ఫిల్టర్ చూడటం, కండెన్సర్ కడగడం, ఫ్యాను తిరుగుతున్నదో లేదో గమనించడం, ఫ్యూజు పరీక్షించడం యజమాని చేసుకోవచ్చు. ఇంజను నడుస్తుండగా బెల్టు, ఫ్యాను దగ్గరకు కండువా, చున్నీ, వేలాడే చేతిగుడ్డ చేరకుండా చూసుకోవాలి. మూసిన గదిలో ఇంజను నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడు ప్రాణాంతకం. గ్యాస్‌తో కూడిన పని శిక్షణ పొందినవారికే వదలాలి. ద్రవరూపంలోని గ్యాస్ చర్మం మీద పడితే ఆ భాగం గడ్డకడుతుంది. కంట్లో పడితే చూపు పోవచ్చు. నిప్పు తగిలితే ఆర్-134ఎ నుంచి విషవాయువులు పుడతాయి. చౌకగా వస్తున్నదని వంటగ్యాస్‌ను నింపడం మరింత ప్రమాదకరం. అది కూలింగ్ కాయిల్ దగ్గర కారితే మంట చేరవలసింది మనుషులు కూర్చున్న చోటికే.

ఎండలో నిలిపిన కారులో ముందు అద్దాలు దించి, కాగిన గాలిని బయటికి పోనిచ్చి, తరువాత ఏసీ వేయాలి. చలికాలంలోనూ అప్పుడప్పుడు పది నిమిషాలు ఏసీ నడిపితే రబ్బరు సీళ్ళకు నూనె అంది అవి ఎండిపోకుండా ఉంటాయి. ఏసీ ఎంత బాగున్నా, మూసిన కారులో పసిపిల్లలను క్షణమైనా ఒంటరిగా వదలరాదు. ఎండలో ఆగిన కారు లోపలి వేడి అరగంటలోపే ప్రాణాపాయ స్థాయికి చేరగలదు.

సాయంత్రం ఆసుపత్రి ముందు కారు ఆగింది. చికిత్సతో అలసిన తల్లిని కొడుకు చేయిపట్టి ఎక్కించాడు. గాలి వచ్చే జాలి దగ్గర మేస్త్రి ఉంచిన ఉష్ణమాపకం తొమ్మిది డిగ్రీలు చూపుతున్నది. గన్నవరం దాటేసరికి ఆమె నిద్రపోయింది. మరుసటి వారం, ఆ పై వారం, వానలు పడిన తరువాత కూడా ఆ కారు ఆ తొవ్వలోనే నడిచింది. గ్యాస్ కొట్టించవలసిన అవసరం మళ్ళీ రాలేదు.

కఠిన పదాలకు అర్థాలు

ఉపశమనం = బాధ తగ్గడం
తెలియమి = తెలియకపోవడం, అజ్ఞానం
శీతలకం = చల్లదనం కలిగించే పదార్థం
గుప్తోష్ణం = పదార్థం స్థితి మారేటప్పుడు ఉష్ణోగ్రత మారకుండా వినియోగమయ్యే వేడి
క్షీణించు = క్రమంగా తగ్గు
అపోహ = పొరపాటు అభిప్రాయం
మిక్కుటం = అధికం
ఉష్ణమాపకం = వేడిని కొలిచే సాధనం
ప్రాణాంతకం = ప్రాణం తీసేది
తొవ్వ = దారి

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు వ్యాసరూపంలో సమాధానాలు రాయండి.
1. కారు ఏసీ పనిచేసే విధానాన్ని కుండనీటితో పోల్చి వివరించండి.
2. లక్షణాలను బట్టి ఏసీలోని దోషాన్ని ఏ విధంగా గుర్తించవచ్చో తెలపండి.
3. ‘చిల్లి మూయకుండా గ్యాస్ కొట్టించడం యజమానికీ లోకానికీ నష్టం’ – ఈ అభిప్రాయాన్ని సమర్థించండి.

ఆ. కింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. ఆ వృద్ధురాలికి కారులోని చల్లగాలి విలాసం ఎందుకు కాదు?
2. గ్యాస్ నింపేముందు లోపలి గాలిని తోడివేయడం ఎందుకు?
3. గ్యాస్ తగ్గినప్పుడు కంప్రెసర్ ఆగిపోవడాన్ని రక్షణ అని ఎందుకు అనాలి?
4. గ్యాస్‌ను తూకం వేసి నింపవలసిన అవసరమేమి?

ఇ. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. మాంట్రియల్ ఒప్పందం ఏ సంవత్సరంలో కుదిరింది?
2. అతుకు దగ్గర నూనెమట్టి దేనికి గుర్తు?
3. కారు కింద పడే నీటిచుక్కలు ఎక్కడివి?

ఈ. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. అది పెట్రోలు కాదు, ఖర్చు కావడానికి.
2. తక్కువైనా చెడే, ఎక్కువైనా చెడే.
3. వాటిని అమలుచేసే చేతులు గ్యారేజీలలో ఉంటాయి.

ఉ. సంధులు
1. గుప్తోష్ణం = గుప్త + ఉష్ణం – గుణసంధి
2. ఉష్ణోగ్రత = ఉష్ణ + ఉగ్రత – గుణసంధి
3. ప్రాణాపాయం = ప్రాణ + అపాయం – సవర్ణదీర్ఘసంధి
4. ప్రాణాంతకం = ప్రాణ + అంతకం – సవర్ణదీర్ఘసంధి

ఊ. సమాసాలు
1. తల్లీకొడుకులు = తల్లియును, కొడుకును – ద్వంద్వ సమాసం
2. మట్టికుండ = మట్టితో చేసిన కుండ – తృతీయా తత్పురుష సమాసం
3. చల్లగాలి = చల్లనైన గాలి – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
4. నాలుగు ప్రశ్నలు = నాలుగు సంఖ్యగల ప్రశ్నలు – ద్విగు సమాసం